వెనకంతా మసక

ఆ పొద్దున గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా రాళ్ల క్వారీలో సేఫ్టీ అసిస్టెంటుగా నేను చేయాల్సిన పనులు: అందరి హెల్మెట్లు చూడాలి, విరిగిన కంచెకు ఎర్ర రిబ్బను కట్టించాలి, ఏడాది జీతం దాచి కొన్న కొత్త లెన్సుతో రిపోర్టుకు ఫొటోలు తీయాలి.

కెమెరా ఎత్తేసరికి ఫోర్‌మన్ ఇనుప రాడ్డుతో మా ఊరి కూలీ గంగమల్లన్న నుదురు పగలగొట్టాడు. ఎండదెబ్బకు పడిపోయిన ఇంకో కూలీని ఆయన పని ఆపి నీడకు లాగాడని కోపం. రెండో దెబ్బకు చెయ్యి విరిగింది. ఆ బరువు లెన్సును రెండు చేతులా పట్టుకుని నేను ఫొటోలు తీస్తూనే ఉన్నాను.

జనం విడదీశాక ఆయన పక్కన కూలబడ్డాను. "పోలీసులకు చూపెడ్దామన్నా. ఫొటో ఉన్నది."

తెర మీద ఆయన కనురెప్పల నెత్తురు వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తోంది. వెనక ఫోర్‌మన్ మాత్రం రంగుల మరక.

"ఇదేంది తమ్మీ, గా లంగగాడు పొగ లెక్కున్నడు?"

"ఊర్ల పెండ్లి ఫొటోలు తీసిన అలవాటన్నా. ఎనకంత మసకైతనే అందం. గందుకే దీనికి గంత రేటు."

"మంచిగున్నది. నాకు పెండ్లి జేసినవు."

ఇంతలో మా మేనేజరు, అదే ముదీర్, రిపోర్టు కాగితం నా ఒళ్లో పడేశాడు. "జారిపడ్డాడని రాయ్. ఖలాస్."

గంగమల్లన్న నెత్తురు ఉమ్మి నా వైపు చూశాడు. "డబ్బాకు కనవడకపోతే పాయె. నీ కండ్లకేమైంది?"

చూసింది చూసినట్టు రాసి, కింద నా పేరు పెట్టాను. మరునాడే నా వీసా రద్దయింది.

మీరైనా మా మెట్‌పల్లి గంగమల్లును గుర్తుంచుకోండి. ఆయన జారిపడలేదు.