చలిమిడితో బస్సెక్కిన రోజు

ఆ కాలంలో రేషన్ షాపులో బియ్యంతోపాటు మాత్రలు కూడా యంత్రమే ఇచ్చేది. దానికి రెండు మీటలుండేవి, ఒకటి కడుపుకి, ఒకటి దిగులుకి. దిగులు మీట నొక్కితే పిచ్చిదంటారని సన్యాసమ్మ ఎప్పుడూ కడుపు మీటే నొక్కేది. బస్సెక్కితే చాలు పేగులు మెలిపెట్టే జబ్బు ఆమెది. అందుకే పలాసలో కూతురు కడుపుతో ఉన్నా చూడ్డానికి వెళ్లలేకపోయింది. చలిమిడి తల్లి చేత్తోనే పెట్టాలి. నెలలు చూస్తే నిండిపోతున్నాయి.

ఒక రోజు సన్యాసమ్మ తన మాత్రలు తీసుకోగానే తోటికోడలు అప్పలకొండ వెనకే వచ్చి దిగులు మీట నొక్కింది. రాలిన మాత్రలు చూసి సన్యాసమ్మ నిర్ఘాంతపోయింది. అదే పసుపు రంగు, మధ్యలో అదే గీత.

"ఓలమ్మా, ఇవి నా మాత్రలే కదే!"

"రెండూ ఒకటేనక్కా. ఊరందరికీ తెలుసు, నీకు తప్ప."

"అయితే రెండు నెల్లుగా నేను దిగులు మాత్ర మింగుతున్నానా?"

"మింగితే ఏటయ్యింది? నిన్న పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకున్నావు. పొద్దున్న అంట్లు తోముతూ పాట కూడా పాడినావు."

సన్యాసమ్మ ఇంటికెళ్లి చలిమిడికి బియ్యం నానబోసింది.

మర్నాడు చలిమిడి డబ్బా ఒళ్లో పెట్టుకుని డ్రైవరు లేని బస్సులో కూర్చుంది. ఎక్కడ దిగాల్సొస్తుందోనని అలవాటుగా కూర్చునే తలుపు పక్కన కాదు, లోపల కిటికీ దగ్గర.

"దారిలో ఎక్కడైనా ఆపాలా అమ్మా?" అని బస్సు అడిగింది.

"మా అమ్మాయి వీధి మొగలో ఆపు నాయనా, చాలు" అంది సన్యాసమ్మ.