ఆరో చెయ్యి

చర్చి ఎదుట కారు ఆపి అరగంట దాటింది. ఎమిల్ దిగలేదు.

లోపల ప్రార్థన అయిపోయింది. అతని మేనమామ స్టెఫాన్ బెంకో శవపేటిక గుమ్మందాకా వచ్చి ఆగింది. వెనక గుట్టమీది శ్మశానానికి మోసుకెళ్ళాలి. ఆరుగురు కావాలి. ఐదుగురే ఉన్నారు.

పెన్సిల్వేనియాలోని ఆ ఉక్కుమిల్లు ఊళ్ళో, తూర్పు ఐరోపా నుంచి వలసొచ్చిన స్లోవాకుల ఇంట చావంటే వీధి వీధంతా కదిలొచ్చేది. పేటిక మొయ్యడానికి పోటీలు పడేవాళ్ళు. మేనల్లుడుంటే ముందు కుడివైపు పిడి అతనిదే, ఎవరూ అడగక్కర్లేదు. అలాంటిది, ముప్పయ్యేళ్ళు ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్పిన మనిషికి ఆరో చెయ్యి కరువైంది.

కారణం అందరికీ తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో రష్యా అమెరికా పక్షాన ఉన్నప్పుడు బెంకో మాస్టారు రష్యా సైనికుల కోసం ఇల్లిల్లూ తిరిగి దుప్పట్లు పోగుచేశాడు. అప్పుడు మేయరు సభ పెట్టి మెచ్చుకున్నాడు. యుద్ధం ముగిసింది. రష్యా శత్రువైంది. దాని బాంబు ఎప్పుడు పడుతుందోనని బడిపిల్లల చేత బల్లల కింద దూరడం సాధన చేయిస్తున్నారు. ఆ పాత దుప్పట్లు కాస్తా కమ్యూనిజం కిందికొచ్చాయి. ఇచ్చినవాళ్ళ పేర్లు చెప్పమని విచారణలో నిలదీస్తే, దుప్పట్లు గుర్తున్నాయి గానీ మనుషులు గుర్తులేరన్నాడట మాస్టారు. ఉద్యోగం ఊడింది. పాలడిపోలో సీసాలు కడుగుతూ రెండేళ్ళకే పోయాడు.

ఆయన అంత్యక్రియలకి వచ్చినవాళ్ళ కార్ల నంబర్లు నిఘావాళ్ళు రాసుకుంటారని నిన్నటి నుంచీ ఊళ్ళో గుప్పుమంది. నంబరు దొరికితే మనిషి దొరుకుతాడు. మనిషి దొరికితే అతని కొలువు పోతుంది. చాలామంది ముఖం చాటేశారు. వచ్చిన కొద్దిమందిలోనూ దాదాపు అందరూ కార్లు ఇళ్ళ దగ్గరే వదిలి సందుల్లోంచి నడిచొచ్చారు.

ఎమిల్‌ని చదివించింది ఆ మేనమామే. తండ్రి మిల్లులో చేర్పిస్తానంటే అడ్డుపడి కాలేజీకి పంపాడు. ఆ చదువుతోనే ప్రభుత్వోద్యోగం వచ్చింది. ఫైళ్ళు చూసే పని అని ఇంట్లో చెప్పాడు. భార్య, తొమ్మిది నెలల కూతురు ఆ జీతం మీదే బతకాలి. దిగితే ఉద్యోగం ఉండదు. దిగకపోతే మేనమామ రుణం ఇంకెప్పటికీ తీరదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

అతని తల్లి లుడ్మిలా నల్లబట్టల్లో చర్చి మెట్లు దిగి, వీధి దాటి, కారు దగ్గరికొచ్చింది.

“సెలవివ్వరన్నావు. అయినా వచ్చావు, సంతోషం,” అంది. “దిగరా. ఐదుగురితో పేటిక ఒక పక్కకి ఒరిగిపోతోంది.”

“రాలేనమ్మా. నంబర్లు రాసుకుంటున్నారు.”

“రాసుకోనీ. మీ నాన్న తెల్లారే లేచి కారు కడిగాడు. నంబరు ప్లేటు సబ్బుతో తోమి, తెచ్చి గుమ్మానికెదురుగా పెట్టాడు. రాసుకునేవాడి కళ్ళు నొప్పి పుట్టకూడదట.”

ఎమిల్ తల వంచుకున్నాడు. తనకో పసిపిల్ల ఉందని గొణిగాడు.

“మీ మావయ్యకి ఆ పిల్లలు కూడా లేర్రా. అందుకే నిన్ను భుజాలమీద మోశాడు. ఒక్కసారి నువ్వు మొయ్యలేవా?”

అతని చేతులు స్టీరింగు వదిలి తలుపు పిడి మీదికి రాలేదు.

కాసేపు చూసి, నీ ఉద్యోగం నీకుంటుందిలే అని ఆమె వెనక్కి తిరిగింది. అప్పుడు పడింది ఆమె చూపు, నాలుగడుగుల అవతల ఆగి ఉన్న బూడిదరంగు కారు మీద. లోపల ఎవరో కొత్త మనిషి. టోపీ కళ్ళమీదికి దించుకుని, పేపరు పరుచుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పడు. చూపంతా చర్చి గుమ్మం మీదే. మెట్ల మీద నిలబడ్డవాళ్ళు కూడా చాలాసేపటి నుంచీ అతన్నే దొంగచూపులు చూస్తున్నారు.

లుడ్మిలా నేరుగా వెళ్ళి ఆ కారు అద్దం మీద తట్టింది.

“రాసుకున్నది చాలు గానీ బాబూ, దిగొచ్చి ఒక చెయ్యి వెయ్యి. మా ఇంటి మగవాడికి భయమేస్తోంది.”

అతను పేపరు దించాడు. ముఖం పాలిపోయి ఉంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నేను రాయడానికి రాలేదమ్మా. మాస్టారి దగ్గర చదువుకున్నవాణ్ణి. యుద్ధనౌకలు కట్టేచోట పని. నాకూ భయంగానే ఉంది. ఎంతసేపటి నుంచో దిగుదామంటే కాళ్ళు రావడం లేదు.”

ఆమె కారు తలుపు తెరిచి, పసివాణ్ణి దింపినట్టు చెయ్యి పట్టుకుని దింపింది. చర్చి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ముందు కుడివైపు పిడి అతని చేతికిచ్చింది.

గంట మోగింది. పేటిక లేచింది. ఈసారి ఏ పక్కకీ ఒరగలేదు. పాతికమందైనా లేని ఆ గుంపు మెల్లగా గుట్ట ఎక్కసాగింది. లుడ్మిలా కొడుకు వైపు తిరిగి చూడలేదు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఎమిల్ కన్నార్పకుండా చూశాడు. జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత కోటు లోపలి జేబులోంచి ఆఫీసువాళ్ళిచ్చిన చిన్న పుస్తకం తీసి, వచ్చీ రాగానే రాసుకున్న తండ్రి కారు నంబరు కింద, ఆ బూడిదరంగు కారు నంబరు రాశాడు.