పెరట్లో పుర్రె గురించి ఫిర్యాదు

మ్యూజియం పెద్దలకు. గయ్యాళత్త అంటే నేనే. వయసు డెబ్బై తొమ్మిది. ఇంట్లో నేను, కోడలు.

పెరట్లో మూడు వేల ఏళ్లనాటి అస్థిపంజరం బయటపడితే, మా మూలపురుషుడే అన్నాను. మీ ఎముకల పంతులు దాని పన్ను పొడినీ, మా అత్తాకోడళ్ల ఉమ్మినీ, ఎవరి వంశమో పరీక్ష చేస్తానని సీసాల్లో పట్టుకెళ్లాడు.

నిన్న వచ్చి, "పెద్దమ్మా, ఈయన మీ తాలూకు కాదు, మీ కోడలి తాలూకు" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా నేను, "నీ పుట్టింటివాళ్లు ఒక్కరైనా ఈ గడప తొక్కారా?" అని దాన్ని దెప్పుతున్నాను.

ఇప్పుడది, "మీకంటే ముందే వచ్చి పడుకున్నాడు కదత్తయ్యా!" అంటోంది.

ఇంట్లో నా మాట చెల్లడం లేదు. పరీక్ష మళ్లీ చేయండి, లేదా ఆయన్ని తీసుకుపోండి.

నాకు చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు కోడలు రాసింది. వేలిముద్ర వేశాను.

సాక్షులు: కోడలు, పెరట్లోని మా తాతయ్య. పరీక్ష అక్కర్లేదండీ, తాతయ్య ఇక్కడే ఉంటాడు.