కింది బాణం

ఓంకార్ పిడిగుద్దుకు ఆటో నడిపే ఉబేద్ ముక్కు పగిలి నెత్తురు బొటబొటా కారింది. కాజీపేట ఆటోస్టాండులో ఒక్కరూ అడ్డం రాలేదు.

“పిల్లగాన్ని గుద్ది పారిపోతవా?”

“నేను గుద్దలే అన్నా. దవాఖానకు తీస్కపోయిన.”

“వార్తల యాప్‌ల నీ ఆటో ఫొటోనే అన్నిటికన్న మీదున్నది. ఊరంత పై బాణం నొక్కి ఓటేసింది. అందరు అబద్ధమాడుతాండ్రా?”

రెండో గుద్దుకు పన్ను ఊడి ఉబేద్ నేల మీద పడ్డాడు.

పిల్లవాడి తల్లి మహిత జనాన్ని తోసుకుని వచ్చింది. ఆమె చీర మీద కొడుకు నెత్తురు ఎండి అట్టకట్టింది.

“గుద్దింది లారీ. నా కొడుకును బతికించింది ఈ అన్న. నిన్ననే యాప్‌ల రాసిన గదా.”

“నాకు కనవడలే.”

“ఎట్ల కనవడతది? మీరంత కలిసి కింది బాణం నొక్కి అడుగుకు తోసిండ్రు.”

ఓంకార్ ఫోను తీసి తెర జరుపుతూ పోయాడు. మహిత రాసిన మాట అట్టడుగున దొరికింది. దాని పక్కన కింది బాణం ఎర్రగా ఉంది. ఎవరు నొక్కితే వాళ్ల ఫోనులోనే అది ఎర్రబడుతుంది.

నిన్న చాయ్ తాగుతూ, అందరూ నొక్కుతున్నారని, చదవకుండానే తనూ నొక్కాడు.

“అక్కా, పిల్లగాడు కండ్లు తెరిసిండా?” ఉబేద్ నేల మీది నుంచే అడిగాడు.

ఓంకార్ గబగబా పై బాణం నొక్కాడు. వేలికున్న నెత్తురు తడికి తెర పలకలేదు.