పొగతాత గురి

తెల్లారినప్పటి నుంచి కాపలాదారు కాలు ఒకచోట నిలవడం లేదు. గుమ్మం దాకా వెళ్తాడు, వెనక్కి వస్తాడు. గోడ మీది తుపాకీ దింపుతాడు, తుడుస్తాడు, మళ్లీ తగిలిస్తాడు. తుడిచిందే తుడిచి దాని గొట్టాన్ని అద్దం చేసేశాడు.

"కాసేపు కూర్చోవయ్యా," అంది భార్య.

కూర్చున్నాడు. లేచాడు.

తొమ్మిదింటికి కొత్త మేనేజరు వస్తాడు. అరవై అంగల దూరంలో సున్నం పూసిన చెక్క నిలబెడతారు. మూడుసార్లు కాల్చాలి. ఒక్కటి తగిలినా ఉద్యోగం ఉంటుంది. తగలకపోతే ఉద్యోగంతో పాటు తోటలోని ఈ రెండు గదుల ఇల్లూ నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. కొత్త రైఫిలు పట్టుకుని ఇంకెవరో దిగుతారు.

మేనేజరు మాటలోనూ న్యాయం లేకపోలేదు. నారింజ తోటకు అడవిపందుల బెడద. వాటిని కాల్చడానికే ఈయనకు జీతం. ఒకప్పుడు గురి తప్పేవాడు కాదు, అది అందరూ ఒప్పుకునే సంగతే. కానీ ఆరేళ్లుగా ఒక్క పందీ పడలేదు. ఢామ్మని చప్పుడు, చెట్టెత్తు పొగ, అంతే. కాయలు కోసేవాళ్లు ఆయనకు చాటుగా పొగతాత అని పేరు పెట్టేశారు. ఆ పేరు చెవిన పడిన రోజు ఆయన భోజనం ముట్టలేదు.

తుపాకీ ఆయన తాతగారిది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, ఇనుప కడ్డీతో కూరి, మీట దగ్గర నిప్పు రాజేసే చిన్న రాగి టోపీ పెట్టి కాల్చే రకం. ఒకసారి కాల్చి మళ్లీ సిద్ధం చేసేలోపు పంది పక్క ఊరికి చేరిపోతుంది. వాన పడితే అసలు పేలదు. అయినా దాన్ని ఎవరినీ ఒక్క మాట అననివ్వడు. కీళ్లవాతంతో వేళ్లు వంకర తిరిగాక కూరే పని భార్య చేతికొచ్చింది. ఆమె కూరి ఇస్తుంది, ఆయన కాలుస్తాడు.

మేనేజరు చెప్పిన వేళకే వచ్చాడు. పోటీల్లో కప్పులు గెలిచిన మనిషి. తుపాకీ చూడగానే పెదవి విరిచాడు. కళ్లు బాగానే కనిపిస్తున్నాయా అని అడిగాడు. ఆకు మీది చీమ కూడా కనిపిస్తుందని పొగతాత విసురుగా జవాబిచ్చాడు.

భార్య గిన్నెతో కొలిచి మందు పోసింది. నడుముకున్న గుండ్ల సంచిలో చెయ్యి పెట్టింది. పిడికిలి గొట్టం మూతికి ఆనించింది. గుడ్డముక్క దోపి కడ్డీతో దిట్టంగా కూరింది. ఆయన కళ్లలోకి చూడకుండానే తుపాకీ అందించింది. ఎలా చూస్తుంది? ఇల్లు పోయేలా ఉంది మరి.

మొదటిసారి పేలింది. పొగ విడిపోయాక చూస్తే చెక్క చెక్కుచెదరలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఆయన ఊపిరి బిగబట్టి చాలాసేపు గురి చూశాడు. చెక్క మాట అటుంచి, వెనకున్న మట్టిగట్టు మీద కూడా గీత పడలేదు.

ఆయన తుపాకీ దించి నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె అడ్డొచ్చింది.

"బాబూ, తప్పు మనిషిదో తుపాకీదో మీరే తేల్చండి. మీరూ ఒక మూడుసార్లు కాల్చి చూడండి."

మేనేజరుకు పౌరుషం పొడుచుకొచ్చింది. మందు తనే కూరుకుంటానని చెయ్యి చాచాడు. ఆమె తుపాకీ వదల్లేదు. ముసలి గొట్టమని, కొలత కాస్త అటూ ఇటూ అయితే పగిలి ముఖం మీదికొస్తుందని, దాని సంగతి తన చేతికే తెలుసని చెప్పింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడుసార్లు కాల్చాడు. మూడోసారి ఎవరూ అడగకుండానే ఇరవై అంగలు ముందుకు జరిగాడు కూడా. చెక్క తెల్లగా అలాగే ఉంది.

ఇక తుపాకీని తిట్టక తప్పలేదు. రైఫిలు గొట్టంలో గుండును తిప్పి పంపే గాడులు ఉంటాయట, దీనికి లేవట. గుండు ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుంటూ వచ్చి, చివర్లో దేనికి తగిలితే దానికి ఎదురువైపు పోతుందట. ఆరూ ఆకాశంలోకే పోయుంటాయని తేల్చాడు. కప్పులు గెలిచిన మనిషి పరువు అలా దక్కింది.

"తప్పు మీది కాదు పెద్దాయనా. వచ్చే వారం మీకే కొత్త రైఫిలు ఇప్పిస్తాను."

పొగతాత తలెత్తాడు. ఎన్నాళ్లకో ఆ ముఖంలో వెలుగు.

"వద్దు బాబూ," అంది భార్య.

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఈ చప్పుడుకూ పొగకూ బెదిరి పందులు పారిపోతూనే ఉన్నాయని, ఆరేళ్లలో ఒక్క చెట్టుకూ నష్టం లేదని, కొత్త రైఫిలు ఆ వంకర వేళ్లకు లొంగదని. మేనేజరు ఆలోచించాడు. అతనికి కావలసింది కాయలు దక్కడమే. సరే, పాతదే ఉంచుకోమని, ఉద్యోగానికీ ఇంటికీ ఢోకా లేదని చెప్పి వెళ్లిపోయాడు.

ఇల్లు దక్కింది గానీ ఇంటాయన మంచి ముఖం దక్కలేదు. దారంతా పళ్లు నూరుతూనే ఉన్నాడు.

"నోటిదాకా వచ్చింది లాగేశావు కదే. మంచి తుపాకీ చేతిలో పడితే నా గురి ఏమిటో చూపించేవాణ్ణి. నేనంటే నీకు అంత లోకువైపోయానా?"

ఆమె ఇంటికొచ్చి నడుముకున్న సంచి విప్పింది. ఆయనకు మంచినీళ్లిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడింది.

ఆరేళ్ల కిందట ఒక మసక సాయంత్రం చెట్ల కింద వంగి పుల్లలేరుకుంటున్న తనను పంది అనుకుని ఆయన కాల్చిన గుండు చెవి పక్కగా దూసుకుపోయిన నాటి నుంచి, ఆ సంగతి ఆయనకు చెప్పలేక, ఆమె ఆ తుపాకీలో మందూ గుడ్డా కూరుతోందే గానీ గుండు మాత్రం ఒక్కటీ వెయ్యలేదు.