పోనంటున్న ఫోల్డర్

"జల్ది తీసెయ్ తమ్మీ. బాపు కంట పడిందంటే నన్ను గడప తొక్కనియ్యడు," అన్నాడు యాదయ్య గొంతు తగ్గించి.

శంషాబాద్ బస్టాండు పక్కన ఫోటో స్టూడియో నడిపే శ్రావణ్‌కుమార్ అన్నం తిని అప్పుడే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద 'సోమయ్య' అనే ఫోల్డర్ తెరిచాడు. అందులో ఉన్నది ఒకటే ఫ్లెక్సీ బొమ్మ. నెరిసిన మీసంతో యాదయ్య తండ్రి సోమయ్య, ఫోటోకు బంతిపూల దండ, పైన పెద్ద అక్షరాలతో 'శ్రద్ధాంజలి'. కింద యాదయ్య రాయించిన మాటలు: 'మాకు నడక నేర్పిన చెయ్యి, మా ఇంటి దేవుడు. నాయనా, మీ రుణం తీర్చుకోలేం.'

అంతా బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా, సోమయ్య పోలేదు.

"దవాఖానల ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరు. రేపో మాపో అనుకున్న. అప్పటికప్పుడు ఫ్లెక్సీ ఎవరు చేసిస్తరని ముందుగాల్నే చెప్పిన. ఇప్పుడేమో నాటుకోడి కూర అడిగి మరీ తింటున్నడు."

"మంచిదే కదన్నా."

"మంచిదే. గీ బొమ్మ సంగతి తెలిస్తేనే మంచిగుండదు."

శ్రావణ్ డిలీట్ కొట్టాడు. బొమ్మ పోయింది గానీ ఫోల్డర్ పోలేదు. అది ఖాళీగా లేదని తెర మీద ఇంగ్లీషులో ఒక డబ్బా లేచింది. తెరిచి చూస్తే బొమ్మ మళ్లీ అక్కడే ఉంది.

"అన్నా, బాపుకు మీసం తెల్లగ ఉండె కద?"

యాదయ్య వంగి చూశాడు. మీసం నల్లగా నిగనిగలాడుతోంది.

"వైరసేమో?"

"వైరస్ మీసాలకు రంగెయ్యదన్నా."

శ్రావణ్ కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. బొమ్మ తీసేశాడు. మళ్లీ అదే డబ్బా. ఈసారి తిరిగొచ్చిన బొమ్మకు దండ లేదు. ఇంకోసారి తీస్తే, వచ్చిన బొమ్మలో 'శ్రద్ధాంజలి' కూడా మాయమైంది. కింద యాదయ్య రాయించిన మాటలు మాత్రం చెక్కుచెదరలేదు.

యాదయ్యకు భయం పట్టుకుంది. బతికున్న మనిషికి దండ వేయించిన పాపం ఊరికే పోతుందా అనుకున్నాడు. "తమ్మీ, ఇంటికాడ బాపుకేం కాలేదు కద?" అన్నాడు పిచ్చివాడిలా.

శ్రావణ్ మాత్రం తెరను వదలకుండా చూస్తున్నాడు. భయం కన్నా అతనికి వింతగా ఉంది. ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు.

"లోపలి గదిల ఉన్న సిస్టంకు దీనికి వైరు కలిపి ఉన్నదన్నా. గీ ఫోల్డర్ ఆడ గూడ తెరుచుకుంటది. మనం తీసేస్తుంటె, లోపల ఎవరో మల్ల పెడుతున్నరు."

ఇద్దరూ లేచి లోపలి గది అద్దాల తలుపు తోశారు. శ్రావణ్ భార్య శ్రీలత మౌస్ పట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన స్టూలు మీద, చేతికర్రకు గడ్డం ఆనించి, సోమయ్య.

"పింఛనుకు ఫోటో కావాలని తాత వచ్చిండు," అంది శ్రీలత మొగుడితో. "పాతదేమన్న ఉన్నదా అని పేరు కొట్టి చూస్తే గిది దొరికింది. తాత చెప్పినట్టు మారుస్తున్న. ఎన్నిసార్లు సేవ్ చేసినా పోతనే ఉంది."

యాదయ్యకు భూమి చీలి అందులోకి పోతే బాగుండనిపించింది. "బాపూ, అది కాదే..." అన్నాడు.

సోమయ్య వెనక్కి తిరగలేదు. తెర మీది మాటల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు. చివరిదాకా చదివి వేలు తీశాడు.

"కింది మాటలు ఒక్కటి గూడ తీయకు బిడ్డా," అన్నాడు శ్రీలతతో. తర్వాత మెల్లగా కొడుకు వైపు తిరిగాడు. "మనింటి ముంగట కట్టియ్యిరా యాదయ్యా. పోయినంక నేను చదువుతనా?"