మీరైతే ఏం చేస్తారండీ?

"కోతా లేదు, గీతా లేదు! ఈసారి మామూలు కాన్పే!" అంటూ కోటేశ్వరమ్మ డాక్టరు గారి బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"అమ్మా, నువ్వాగు. మేడమ్, ఆపరేషనే రాయండి. పాత కుట్టు విడిపోతుందంట, ఫోన్లో చూశాను," అన్నాడు కొడుకు జయదేవ్.

"ఫోన్లోనా? మొన్న అదే ఫోన్లో చూసి మిరప చేనుకి మందు కొట్టావ్. ఆకులన్నీ ముడుచుకుపోయినయ్!"

ఇద్దరి మధ్యా కుర్చీలో కోడలు వేదశ్రీ నిండు పొట్టతో కూర్చుని ఉంది. సత్తెనపల్లి నుంచి గుంటూరు దాకా కారులోనూ ఇదే గొడవ. మొదటి కాన్పు ఆపరేషన్ అయినవాళ్ళకి మామూలు కాన్పు చేసే వసతి తన దగ్గర లేదనీ, గుంటూరులో డాక్టర్ హెలెన్ గారిని కలవమనీ సత్తెనపల్లి డాక్టరు పంపాడు.

హెలెన్ పాత కాగితాలు తిరగేసింది. "మొదటిసారి ఎందుకు కోశారమ్మా?"

"బిడ్డ అడ్డం తిరిగిందన్నారండి," అంది వేదశ్రీ.

"ఈసారి తల కిందికే ఉంది. పాత కోత కూడా పొత్తికడుపులో అడ్డంగానే వేశారు. మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు. చాలామందికి అవుతుంది కూడా."

కోటేశ్వరమ్మ గెలిచినట్టు కొడుకు వైపు చూసింది.

"కుట్టు విడిపోవడం అరుదే. కానీ విడిందా, తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. అప్పటికప్పుడు కొయ్యాలి."

ఈసారి జయదేవ్ తల్లి వైపు చూశాడు.

"అలాగని ఆపరేషన్ అంత తేలికేం కాదు. కోలుకోవడానికి టైమ్ పడుతుంది. మళ్ళీ కడుపొస్తే చిక్కులు ఇంకా ఎక్కువ."

"ఇంతకీ ఏది మంచిదంటారు?" తల్లీ కొడుకులు ఒకేసారి అడిగారు.

"మా ఆస్పత్రిలో రెండూ చేస్తాం. ఏది కావాలో తను చెప్పాలి."

వేదశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. దగ్గొస్తే కుట్టు మీద దిండు అదుముకోవడం, పక్కలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఎత్తుకోలేక ఎవరినో పిలవడం, అన్నీ గుర్తొచ్చాయి. అదంతా మళ్ళీ పడటం తన వల్ల కాదు. మరి కుట్టు విడిపోతే?

"మీరూ ఆడవాళ్ళే కదా. మీకే ఇలాంటిది వస్తే, మీరైతే ఏం చేస్తారండీ?"

హెలెన్ సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. "నా సంగతి వదిలెయ్. నీకు దేనికి భయం ఎక్కువ?"

"కోతకే."

ఆ మాట నోట్లోంచి దానంతట అదే ఊడిపడింది. ఇన్నాళ్ళూ ఏది మంచిదో చెప్పినవాళ్ళే గానీ, ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"నొప్పులు నేను పడతానండీ. మామూలు కాన్పుకే చూద్దాం. కాన్పయ్యేదాకా ఇక్కడే బ్రాడీపేటలో మా అక్కింట్లోనే ఉంటాను, పిలిస్తే పలికేంత దూరం. తేడా వస్తే మాత్రం వీళ్ళెవర్నీ అడక్కుండా కోసెయ్యండి."

జయదేవ్ నోరు తెరిచాడు.

"మీరు మాట్లాడకండి."

కోటేశ్వరమ్మ నవ్వబోయింది.

"మీరూ సంబరపడకండి అత్తయ్యా. మీ మాట విని కాదు, నా కోసం."

హెలెన్ రెండు చేతులూ బల్లకి ఆనించి, ఆపసోపాలు పడుతూ, మెల్లగా కుర్చీలోంచి లేచింది. గుండీలు పట్టని తెల్లకోటుని నెట్టుకుంటూ, తొమ్మిదో నెల పొట్ట బల్ల చాటు నుంచి బయటికొచ్చింది.

"నువ్వు నయం తల్లీ, తేల్చేసుకున్నావ్. నాకూ మొదటిది ఆపరేషనే, నేనింకా తేల్చుకోలేక ఛస్తున్నాను!"